శుక్లం ఆపరేషన్: రోజంతా ప్రూఫులు దిద్దే కంటికి ఏ లెన్స్?

నిత్యపాఠకుడు:
అందరికీ నమస్కారం. నా వయసు అరవై దాటింది. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయి, ముందు కుడికన్ను చేయించుకోమన్నారు. నా పని అచ్చుకు వెళ్లే పుస్తకాల ప్రూఫులు దిద్దడం. సగం కాగితం మీద, సగం కంప్యూటర్ తెర మీద. చిన్నప్పటి నుంచీ మైనస్ పవర్ ఉంది. చాలా ఏళ్లు మూడు దగ్గర నిలిచింది, ఈమధ్య కుడికంటికి అయిదు దాకా పెరిగింది. శుక్లం నడిమి భాగం గట్టిపడేకొద్దీ మైనస్ అలా పెరుగుతుందట. కాగితం చదివేటప్పుడు మాత్రం కళ్లజోడు తీసి పక్కన పెట్టేస్తాను, ఎప్పటి నుంచో అదే అలవాటు.

శుక్లం తీశాక కంట్లో పెట్టే లెన్సుల్లో మోనోఫోకల్ (ఒకే దూరానికి), ఈడాఫ్ (చూపు పరిధిని కొంచెం సాగదీసేది), ట్రైఫోకల్ (మూడు దూరాలకు) అని మూడు రకాలు చెప్పి, ఆలోచించుకుని రమ్మన్నారు. ట్రైఫోకల్ కరపత్రంలో ‘ఇక కళ్లజోడుతో పనే ఉండదు’ అని ఉంది. ఆ వాక్యం ప్రూఫులో తగిలితే మార్జిన్‌లో ప్రశ్నార్థకం పెట్టేవాణ్ని. లెన్స్ వేయించుకున్నవాళ్లు, ఈ విషయం తెలిసినవాళ్లు చెప్పండి.

సుమతి_క:
నాకు రెండు కళ్లకూ ట్రైఫోకల్. కరపత్రం మాట సంగతేమో గానీ, నాకు మాత్రం నిజంగానే కళ్లజోడు పోయింది. దూరం, కంప్యూటర్, ఫోను అన్నీ ఉత్త కళ్లతోనే. మందు సీసా మీది చీమ తలకాయంత అక్షరాలకు మంచి వెలుతురు కావాలి, అంతే. రాత్రిపూట దీపాల చుట్టూ వలయాలు కనిపించడం నిజమే. మొదటి నెలల్లో చిరాకు పడ్డాను, తర్వాత పట్టించుకోవడం మానేశాను. వెతికితే ఇప్పటికీ కనిపిస్తాయి.

ముక్కుసూటి:
మోనోఫోకల్. దూరానికి పెట్టారు. చదవడానికి చత్వారపు అద్దాలు. స్పష్టంగా కనిపిస్తోంది. ఇంతకు మించి చెప్పడానికేమీ లేదు.

రాత్రిబండి:
సుమతి గారు ‘పట్టించుకోవడం మానేశాను’ అన్నారు. రాత్రిపూట బండి నడిపేవాడికి ఆ వీలుండదు. నాకూ ట్రైఫోకలే. పగలంతా హాయిగా ఉంటుంది. చీకటి పడ్డాక ఎదురుగా వచ్చే ప్రతి హెడ్‌లైటు చుట్టూ సాలెగూడు. వాన పడితే మరీ. ఆపరేషన్‌కు ముందు ‘కొద్దిగా వలయాలు ఉండవచ్చు’ అన్నారు గానీ, మీరు రాత్రిళ్లు ఏం చేస్తారని ఎవరూ అడగలేదు. ఇప్పుడు చూపు కాస్త మసకబారింది కూడా. వెనక పొర ఏర్పడింది, లేజర్ చేస్తే పోతుందంటున్నారు. వలయాలూ దాంతో పోతాయేమోనని ఆశ.

వక్రీభవనం:
కంటి పరీక్షలు చేసి అద్దాల పవర్ నిర్ణయించడం నా వృత్తి. ఆపరేషన్లు చేసే డాక్టర్ని కాను, ఆ మాట గుర్తుంచుకుని చదవండి.

రాత్రిబండి గారూ, ముందు మీ విషయం, ఎందుకంటే అది ఆగేది కాదు. ఆ లేజర్ పేరు యాగ్. అసలు కటకాన్ని తీసేసినా అది కూర్చున్న పలచని సంచిని ఉంచి, కొత్త లెన్స్‌ను అందులోనే అమరుస్తారు. ఆ సంచి వెనక గోడ మీదికి మిగిలిపోయిన కణాలు పాకి మసక తెస్తాయి. యాగ్ లేజర్ ఆ గోడ మధ్యలో చిన్న కిటికీ తెరుస్తుంది. మసక పోతుంది, పొర వల్ల చెదిరే కాంతి తగ్గుతుంది. లెన్స్ నిర్మాణం వల్ల వచ్చే వలయాలు మాత్రం పోవు. అసలు చిక్కు వేరే ఉంది: ఈ లెన్స్ తీయించి వేరేది పెట్టించుకోవాలన్న ఆలోచన మీకు ఏ మూలనైనా ఉంటే, యాగ్‌కు ముందే డాక్టరుతో తేల్చుకోండి. సంచికి కిటికీ పడ్డాక లెన్స్ మార్చడం చాలా కష్టమూ, ప్రమాదమూ అవుతుంది. ఇంకొకటి, అర డయాప్టర్ (కళ్లజోడు పవర్ కొలిచే ప్రమాణం) పవర్ మిగిలి ఉన్నా, కన్ను పొడిబారి ఉన్నా వలయాలు ఎక్కువగా కనిపిస్తాయి. ఈ రెండూ పరీక్ష చేయించారా?

నిత్యపాఠకుడు గారూ, మీ మూడు లెన్సుల గురించి. మోనోఫోకల్‌కు కుదురు, అంటే ఫోకస్, ఒకే దూరంలో. లోపలికి వచ్చిన కాంతి అంతా ఆ ఒక్క దూరానికే పని చేస్తుంది, అందుకే ఆ దూరంలో దాని స్పష్టతను ఏదీ మించదు. ట్రైఫోకల్ మీద కంటికి ఆనని సన్నని వలయాలు చెక్కి ఉంటాయి. అవి వచ్చిన కాంతినే దూరానికి, తెర దూరానికి, చదివే దూరానికి వాటాలు వేస్తాయి, కొంత ఎటూ కాకుండా పోతుంది. మీరు దూరం చూస్తున్నప్పుడు దగ్గరి వాటా కాంతి రెటీనా మీద కుదరకుండా పరుచుకుంటుంది. రాత్రిబండి గారి సాలెగూడు అదే. అది తయారీ లోపం కాదు, మూడు దూరాలు కావాలన్నందుకు ఇచ్చే మూల్యం. ఈడాఫ్ ఈ రెంటికీ నడుమ. కుదురును కొంచెం సాగదీస్తుంది. దూరమూ తెరా బాగుంటాయి, చిన్న అక్షరాలకు సాధారణంగా అద్దాలు కావాలి. ఈడాఫ్ అన్నవన్నీ ఒక్క తీరువి కావు. సింఫనీలో వలయాలుంటాయి, వివిటీలో ఉండవు. కాబట్టి రకం పేరుతో ఆగకుండా మోడల్ పేరు అడగండి.

మీరు అడగని ప్రశ్న ఒకటుంది: మోనోఫోకల్‌ను ఏ దూరానికి పెట్టాలి? అందరికీ దూరానికే పెట్టాలని శాసనమేమీ లేదు.

నిత్యపాఠకుడు:
అదేమిటి? మోనోఫోకల్ అంటే దూరానికేనని అనుకుంటున్నాను. నాకు అలాగే చెప్పారు.

వక్రీభవనం:
ఎక్కువ మందికి అదే అనుకూలం కాబట్టి అలా చెబుతారు. మీ సంగతి వేరు. మైనస్ మూడు కన్ను అంటే దాదాపు 33 సెంటీమీటర్ల దూరంలో అద్దాలు లేకుండా కుదురు ఉన్న కన్ను. మీరు జీవితమంతా చదివింది ఆ చూపుతోనే. ఇప్పుడు రెండు కళ్లకూ దూరానికి మోనోఫోకల్ పెడితే వీధి చివరి బోర్డు ఉత్త కళ్లతో చదువుతారు. అదే రోజు నుంచి చేతిలోని ప్రూఫు అలుక్కుపోయి కనిపిస్తుంది. ‘ఆపరేషన్ బాగా జరిగింది, కానీ చదవలేకపోతున్నాను’ అని నా దగ్గరికి వచ్చి కుంగిపోయేవాళ్లలో పాత మైనస్ వాళ్లే ఎక్కువ. చత్వారం వాళ్లకు ఎప్పుడూ తెలియలేదు కదా, కళ్లజోడు తీస్తే సరిపోయేది.

లెన్స్ పవర్ ఎంచేటప్పుడే ఉద్దేశపూర్వకంగా మైనస్ రెండున్నర మిగిలేలా పెట్టవచ్చు. అప్పుడు 40 సెంటీమీటర్ల దగ్గర కుదురు. పుస్తకం ఉత్త కళ్లతో, దూరానికి కళ్లజోడుతో. ఇప్పుడున్న అలవాటే, శుక్లం లేకుండా. ఒకటిన్నర మిగిల్చితే కుదురు తెర దూరానికి, అంటే 65 సెంటీమీటర్ల చుట్టుపక్కలకు జరుగుతుంది.

దగ్గరికి పెడితే మరో లాభం కూడా ఉంది, రెండు కళ్ల మధ్య తేడా పెద్దగా ఉండదు. మీకు రెండు ఆపరేషన్ల మధ్య కొంత కాలం గడుస్తుంది. కుడికన్ను దూరానికి పెట్టి, ఎడమకన్ను మైనస్ మూడో నాలుగో ఉంటే, రెండు కళ్లకూ ఒకే కళ్లజోడు కుదరడం కష్టం. తేడా మూడు డయాప్టర్ల దాకా వచ్చేసరికి చాలా మందికి రెండు బొమ్మల పరిమాణం కలవక తల తిరుగుతుంది.

ముక్కుసూటి:
నేను పుట్టి బుద్ధెరిగాక దూరం చూడటానికి కళ్లజోడు పెట్టుకోలేదు. నాకు దూరానికే నయం. ఆయనకు దగ్గరికే నయం. ఇందులో ఇంత చర్చ ఎందుకో.

సుమతి_క:
ఎందుకంటే అందరూ మీలా ఒక్క మాటతో తేల్చుకోలేరు కాబట్టి! నాది ప్లస్ పవర్. వయసు మళ్లాక దూరమూ సరిగ్గా కనబడేది కాదు, దగ్గరా కనబడేది కాదు. రోజంతా మాస్కు పెట్టుకుని ప్రయోగశాలలో పని. కళ్లజోడు మీద ఆవిరి, తుడవడం, మళ్లీ ఆవిరి. నాకు ట్రైఫోకల్ ఏది ఇచ్చినా లాభమే, పోగొట్టుకున్నదేమీ లేదు. నిత్యపాఠకుడు గారి దగ్గర మాత్రం ఇప్పటికే మంచి దగ్గరి చూపు ఉంది. దానికి బదులుగా ఏం వస్తుందో ఆయన చూసుకోవాలి. బల్ల మీద పెట్టిన కాగితం, మసక వెలుతురులో బూడిద రంగు అక్షరం, ఇలాంటి చోట ట్రైఫోకల్ కొంచెం తడబడుతుంది. తెల్ల కాగితం మీది నల్ల అక్షరంతో పేచీ లేదు.

తారాపథం:
సుమతి గారు చెప్పిన ఆ ‘కొంచెం’ నాకు పెద్దది. నాది దూరదర్శినితో ఆకాశం చూసే పిచ్చి. చీకట్లో కంటిపాప విచ్చుకుంటుంది, లెన్స్ అంచుల దాకా పనిలోకి వస్తుంది, దాని గుణమూ లోపమూ అప్పుడే బయటపడతాయి. నక్షత్రం చుక్కలా కనబడాలి, దాని చుట్టూ గుడి కట్టకూడదు. అందుకని ఆస్ఫెరిక్ మోనోఫోకల్ వేయించుకున్నాను. నల్లగుడ్డు (కార్నియా) వంపులో సహజంగా ఉండే ఒక దోషాన్ని అది సర్దుతుంది. మొదటి కన్ను అయ్యాక ఒక్కో కన్నూ మూసి చూస్తే ఆకాశం నీలం ఎంత తేడాగా ఉందో! ఇన్నాళ్లూ పచ్చబడ్డ కటకంలోంచి చూశానన్నమాట.

ఆ సందర్భంలోనే ఒక ప్రశ్న. రెండో కంటికి నీలి కాంతిని ఆపే పసుపు లెన్స్ పెట్టించుకుంటే రెటీనాకు రక్షణ అంటున్నారు. నిజమేనా?

వక్రీభవనం:
ఇప్పుడు వచ్చే లెన్సులు, పసుపువైనా తెల్లవైనా, అతినీలలోహిత కిరణాలను ఆపుతాయి. దానిపైన పసుపు రంగు వల్ల రెటీనా నడిమి భాగమైన మాక్యులాకు జబ్బు రాకుండా ఉంటుందనడానికి గట్టి రుజువు లేదు. పెద్ద నష్టమూ లేదు. మొదటి కంటికి ఉన్నదే రెండో కంటికీ పెట్టించుకుంటే రంగులు రెండు కళ్లకూ ఒకేలా ఉంటాయి, అది చాలు.

చిన్నమ్మాయి:
మధ్యలో వచ్చినందుకు ఏమీ అనుకోకండి. మా నాన్నగారికి గ్లాకోమా, అంటే నీటికాసుల జబ్బు, చాలా ఏళ్లుగా ఉంది. మధుమేహం వల్ల రెటీనా కూడా కొంత దెబ్బతింది. మా బాబాయి తనకు ట్రైఫోకల్ బాగుందని, నాన్నగారికీ అదే పెట్టించమని పట్టుబడుతున్నారు. ‘తక్కువ రకం పెట్టించి అన్నయ్యను చిన్నబుచ్చకండి’ అంటున్నారు.

వక్రీభవనం:
అమ్మా, మీ బాబాయి గారి ప్రేమను కాదనను, కానీ మోనోఫోకల్ తక్కువ రకం కాదు. గ్లాకోమా ముదిరితే కాంతి తేడాలను పసిగట్టే శక్తి తగ్గుతుంది. మాక్యులా దెబ్బతిన్నా అంతే. వచ్చే కాంతిని వాటాలు వేసే లెన్స్ అలాంటి కంటికి ఉన్నదాంట్లోనూ కోత పెడుతుంది. నాన్నగారికి ఆపరేషన్‌కు ముందు మాక్యులా ఓసీటీ (కాంతితో రెటీనా పొరలను చూపే స్కాన్) తీయించారో లేదో అడగండి. శుక్లం దట్టంగా ఉంటే కంటి వెనక భాగం డాక్టరుకు సరిగా కనబడకపోవచ్చు, ఓసీటీలో చాలావరకు తెలుస్తుంది. నల్లగుడ్డు ఆకారం వంకరపోయిన కెరటోకోనస్ వాళ్లకూ ట్రైఫోకల్ సాధారణంగా వద్దంటారు.

ప్రోస్టేట్ కోసం టామ్సులోసిన్ వాడుతుంటే, లేదా ఇదివరకు వాడి మానేసినా సరే, తప్పక చెప్పండి. ఆ మందు వల్ల ఆపరేషన్‌లో కనుపాప చుట్టూ ఉండే తెర వదులై ఊగుతుంది. ముందే తెలిస్తే డాక్టరు సిద్ధంగా ఉంటారు.

చిన్నమ్మాయి:
వాడుతున్నారు! కంటి డాక్టరుకు ప్రోస్టేట్ మందుతో పనేమిటని మేం చెప్పనే లేదు. రేపే ఫోను చేస్తాను. చాలా సాయం చేశారండీ.

పాతలాసిక్:
నాకు ఇరవయ్యో పడిలో లాసిక్ (నల్లగుడ్డు వంపును లేజర్ తో మార్చి పవర్ తీసేసే ఆపరేషన్) అయింది. మైనస్ ఆరు పోగొట్టారు. ఇప్పుడు శుక్లం. లెన్స్ పవర్ లెక్క మా లాంటివాళ్లకు కచ్చితంగా రాదని విన్నాను. భయపడాలా?

వక్రీభవనం:
భయం వద్దు, జాగ్రత్త కావాలి. ఇది అందరికీ పనికొచ్చే విషయం కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

లెన్స్ పవర్‌ను రెండు కొలతలు ముఖ్యంగా నిర్ణయిస్తాయి: కంటి పొడవు, నల్లగుడ్డు వంపు. పెద్దవాళ్ల కన్ను సగటున 23.5 మిల్లీమీటర్లు ఉంటుంది. ఆ కొలతలో ఒక్క మిల్లీమీటరు తప్పితే పవర్ రెండున్నర నుంచి మూడు డయాప్టర్ల దాకా తప్పుతుంది. 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ మనిషి కంట్లో మొదటిసారి కృత్రిమ కటకం అమర్చాడు. యుద్ధంలో పైలట్ల కళ్లలో గుచ్చుకున్న విమానపు పర్‌స్పెక్స్ ముక్కలను కన్ను పెద్దగా తిరస్కరించలేదని గమనించి, ఆ జాతి ప్లాస్టిక్‌తోనే చేయించాడు. కటకం నిలిచింది గానీ, ఆ తొలి రోగికి దాదాపు మైనస్ 18 పవర్ మిగిలింది! కన్ను ఒప్పుకునే పదార్థం దొరికాక కూడా లెక్క కుదరడానికి దశాబ్దాలు పట్టింది. ఇప్పుడు కాంతితో కొలిచే యంత్రాలు, బారెట్, కేన్ లాంటి సూత్రాలు వచ్చాయి. అయినా పది మందిలో ఏడెనిమిది మందికే అనుకున్నదానికి అర డయాప్టర్ లోపల కుదురుతుంది. మిగతావాళ్లకు కొంచెం అటూ ఇటూ. ‘సున్నా పవర్ గ్యారంటీ’ అన్న మాట ఎవరు చెప్పినా నమ్మకండి.

లాసిక్ చేసిన కంట్లో నల్లగుడ్డు ముందు వంపు మారింది, వెనక వంపు మారలేదు. మామూలు సూత్రాలు ఆ రెంటికీ పాత పొత్తే ఉందనుకుని లెక్క వేస్తాయి, మైనస్ తీయించుకున్నవాళ్లకు ప్లస్ మిగులుస్తాయి. అందుకే ప్రత్యేక సూత్రాలున్నాయి, బారెట్ ట్రూ-కె అలాంటిదే. లాసిక్‌కు ముందటి పవర్, నల్లగుడ్డు కొలతలు రాసిన కాగితాలు దొరికితే పట్టుకెళ్లండి. దొరక్కపోయినా లెక్క వేసే దారులున్నాయి. కొంచెం మైనస్ వైపు గురి పెట్టమని అడగండి, ప్లస్ మిగలడం కంటే అదే నయం.

కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్లు కొలతలకు ముందు ఆపాలి. మెత్తనివైతే ఒకటి రెండు వారాలు, గట్టివైతే అంతకంటే చాలా ఎక్కువ. నల్లగుడ్డు తన ఆకారానికి రావాలి. కన్ను పొడిబారితే కూడా వంపు కొలత పూటకో తీరుగా వస్తుంది.

తారాపథం:
రిడ్లీ కథలో నాకు నచ్చేది, ఆయన్ని అప్పటి పెద్దలు ఏళ్ల తరబడి తప్పుపట్టడం. కంట్లోంచి పరాయి వస్తువును తీయడం వైద్యుడి పని, పెట్టడమేమిటని వాదన.

సుమతి_క:
టోరిక్, అంటే సిలిండర్ పవర్ ను (వంపు అన్ని దిక్కులా సమానంగా లేకపోవడాన్ని) సర్దే లెన్స్, దాని గురించి ఎవరూ ఎత్తలేదు. నా ట్రైఫోకల్ టోరిక్ కూడా. సిలిండర్ పవర్ ఉన్నవాళ్లు అది వదిలేసి మల్టీఫోకల్ (ట్రైఫోకల్ లాంటిది) ఒక్కటే పెట్టించుకుంటే రెంటికీ చెడతారని మా డాక్టరు గారు అన్నారు.

వక్రీభవనం:
సరిగ్గా చెప్పారు. ఒక్క మెలిక: కళ్లజోడు చీటీలో ఉన్న సిలిండర్ చూసి టోరిక్ నిర్ణయించరు. ఆ సిలిండర్‌లో కొంత సహజ కటకానిది, అది ఆపరేషన్‌లో ఎలాగూ పోతుంది. నల్లగుడ్డుది మాత్రమే మిగులుతుంది. చీటీలో సిలిండర్ లేకపోయినా నల్లగుడ్డులో ఉండవచ్చు, ఉన్నా లేకపోవచ్చు. టోరిక్ లెన్స్ గీసిన గీత మీద కూర్చోవాలి. ఒక్క డిగ్రీ తిరిగితే దాని పని మూడు శాతం పైచిలుకు పోతుంది, ముప్పయి డిగ్రీలు తిరిగితే పెట్టి ప్రయోజనం లేనట్టే. ఎక్కువగా తిరిగేది మొదటి రోజుల్లోనే. తిరిగిందని తేలితే మళ్లీ సర్దుతారు.

రాత్రిబండి:
వెళ్లి వచ్చాను. ముప్పావు డయాప్టర్ సిలిండర్ మిగిలిందట, కళ్లు పొడిబారి కూడా ఉన్నాయట. ముందు చుక్కల మందు, రాత్రి నడపడానికి పలచని అద్దాలు ఇచ్చారు. యాగ్ ఇప్పుడు వద్దని నేనే అన్నాను. డాక్టరు గారూ అదే మంచిదన్నారు. అద్దాలతో వలయాలు సగానికి తగ్గినట్టున్నాయి. పూర్తిగా పోలేదు. లెన్స్ మార్పించుకోవాలా అన్నది కొన్నాళ్లు బండి నడిపి చూశాక ఆలోచిస్తాను.

ముక్కుసూటి:
కళ్లజోడు వద్దని ట్రైఫోకల్ వేయించుకుని, దాని మీద కళ్లజోడు.

రాత్రిబండి:
అవును. నవ్వుకోండి, నేనూ నవ్వుకున్నాను.

నిత్యపాఠకుడు:
ఇక్కడ చదివినవన్నీ ఒక కాగితం మీద రాసుకుని వెళ్లాను. ‘దగ్గరికి పెట్టండి’ అంటే డాక్టరు గారు మొదట ఆశ్చర్యపోయారు, నా పని చెప్పాక వెంటనే ఒప్పుకున్నారు. ‘ఇది మీరు ముందే చెప్పాల్సింది’ అన్నారు. ఆయన అడగాల్సింది కూడా అని నాలో నేను అనుకున్నాను. నల్లగుడ్డు కొలత రెండుసార్లు తీస్తే రెండు రకాలుగా వచ్చింది. పొడిబారడం వల్లేనని చుక్కల మందు వేసి, కొన్ని వారాలాగి మళ్లీ కొలిచారు. ఈసారి కలిశాయి.

కుడికంటికి మైనస్ రెండున్నర గురి. హైడ్రోఫోబిక్ ఆక్రిలిక్ (నీటిని అంటనివ్వని ఒక రకం ప్లాస్టిక్) మోనోఫోకల్ పెట్టారు. వెనక పొర ఆ పదార్థంతో తక్కువగా వస్తుందని చెప్పారు. మిగిలింది రెండుంపావు. ప్రూఫు కాగితం చేతిలో పట్టుకుంటే కామాకూ ఫుల్‌స్టాపుకూ తేడా అద్దాలు లేకుండా తెలుస్తోంది. తెర మాత్రం కొంచెం అలికినట్టుంది. ఎడమకంటికి కూడా అదే పెట్టించాలా, ఒకటిన్నరకు దింపి తెరకు అప్పగించాలా అని ఆలోచిస్తున్నాను.

సుమతి_క:
ఒకటిన్నర పెట్టిస్తే రెండు కళ్లూ కలిసి కాగితానికీ తెరకూ సరిపోతాయి కదా. ముప్పావు డయాప్టర్ తేడా ఎవరికీ తెలియదనుకుంటాను.

ముక్కుసూటి:
రెండూ ఒకేలా పెట్టించండి. తెరను కొంచెం దగ్గరికి జరుపుకోండి.

వక్రీభవనం:
ముప్పావు డయాప్టర్ తేడాను చాలా మంది సులభంగా ఓర్చుకుంటారు, కాబట్టి సుమతి గారి మాట సబబే. ముక్కుసూటి గారి మాటా కొట్టిపారేసేది కాదు. చాలా సన్నని అక్షరాలను గంటల తరబడి చూసేవాళ్లలో కొందరికి రెండు కళ్లూ సమానంగా ఉంటేనే అలసట తక్కువ. తేలికైన పరీక్ష ఒకటుంది. ఎడమకన్ను ఇప్పుడు మైనస్ మూడో నాలుగో ఉంది కాబట్టి, శుక్లం మరీ దట్టంగా లేకపోతే, ఆ కంటికి ఒకటిన్నర మిగిలేలా కాంటాక్ట్ లెన్స్ పెట్టి కొన్ని రోజులు పని చేసి చూడండి. తర్వాత అది తీసేసి, తగినంత విరామమిచ్చాకే కొలతలు.

కుడికంటిలో గురి రెండున్నర, వచ్చింది రెండుంపావు. ఆ పావు తేడా ఎడమకంటి లెక్కకు పనికొస్తుంది, డాక్టరు దాన్ని పరిగణనలోకి తీసుకుంటారు. మీకిచ్చిన కార్డు మీద లెన్స్ మోడల్, పవర్, సీరియల్ నంబరు ఉంటాయి. దాన్ని ఫోటో తీసి ఇంట్లో మరొకరికి కూడా పంపి ఉంచండి. ఎడమకన్ను వేరే చోట చేయించుకుంటే వాళ్లు మొదట అడిగేది అదే.

నిత్యపాఠకుడు:
కాంటాక్ట్ లెన్స్ పరీక్ష చేస్తాను. కార్డు మీద మోడల్ పేరులో ఒక అక్షరం తప్పు పడింది, దిద్ది ఇమ్మని అడిగాను.